పదకొండో దెబ్బ

దెయ్యాలు చీకటి పడ్డాకే వస్తాయని ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట నమ్ముకుని పగలంతా నిశ్చింతగా తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఈ కథలో అసలు ఘట్టమంతా ఒకరోజు పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం నాలుగు లోపే అయిపోయింది. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

అదొక మేడలో రెండో అంతస్తు హాలు. ఎవరైనా తొంగి చూస్తే ఏ బీమా ఆఫీసో అనుకుంటారు. మూడు వరసల బల్లలు, ఇరవై కుర్చీలు, ఇరవై కంప్యూటర్లు. మూలన నీళ్ల డబ్బా, దాని మీద బోర్లించిన ఒకే ఒక్క స్టీలు గ్లాసు. గోడ మీద కాగితం, అందులో పెద్దక్షరాలతో 'నవ్వుతూ మాట్లాడండి' అని. కిటికీలకు మాత్రం లోపలినుంచి చెక్కలు కొట్టేశారు. తలుపు ఇనపది. తాళం రెండు వైపులనుంచీ వేసుకోవచ్చు గానీ, తాళంచెవులు ఒక్కడి నడుముకే వేలాడుతుంటాయి.

ఆ ఒక్కణ్ణి అందరూ మేస్త్రీ అంటారు. "ఇళ్లు కట్టే మేస్త్రీ కాదర్రా, కూల్చే మేస్త్రీ" అనేవాడు అక్కడే పనిచేసిన రేడియో బాబాయి, బతికున్న రోజుల్లో. మేస్త్రీ చేతిలో ఎప్పుడూ మూరెడు పొడుగు కరెంటు కేబులు ముక్క ఉండేది. దాన్ని కొరడాలాగా ఊపడు. మామూలుగా పట్టుకుని తిరుగుతాడు, బడిపంతులు సుద్దముక్క పట్టుకున్నట్టు. అదే ఎక్కువ భయం.

ఎనిమిదో కుర్చీలో కూర్చునే అమ్మాయి అసలు పేరు అక్కడ ఎవరికీ అక్కర్లేదు. దళసరి అద్దాలు పెట్టుకుంటుంది కాబట్టి కళ్లజోడు అని పిలిచేవారు. ఇక్కడికి రాకముందు ఆమె పనిచేసింది కూడా కళ్లజోళ్ల దుకాణంలోనే, కౌంటరు దగ్గర. ఒకరోజు ఫోన్లో ప్రకటన చూసింది. దూరపు ఊళ్లో ఆఫీసు ఉద్యోగం, ఫోన్లు మాట్లాడితే చాలు, ఉండటానికి గది, ఇద్దరొస్తే ఇద్దరికీ పని. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసింది. ఆ ఆఫీసు నిజంగా ఉందా అని ఒక్కరినైనా అడగలేదు. గేటు దాటగానే కాపలావాళ్లు గుర్తింపు కార్డులు, ఫోన్లు లాగేసుకున్నారు. తమ్ముణ్ణి మూడో అంతస్తుకి తోలేశారు. ఆ తర్వాత గేటు ఇవతలినుంచి తెరుచుకోవడం ఆమె చూడలేదు.

ఆ హాల్లో చేసే పని ఏమిటో కాస్త విడమరిచి చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

వాళ్లు మనుషులకి ఫోన్ చేస్తారు. పెద్దవాళ్లూ ఒంటరివాళ్లూ దొరికితే మరీ మంచిది. "మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో దొంగసరుకు పట్టుబడింది. మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాం. ఇంట్లోనే ఉండండి, కానీ ఫోన్ కెమెరా ముందునుంచి కదలకూడదు. ఎవరికీ చెప్పకూడదు. చెబితే వాళ్లనీ అరెస్టు చేస్తాం" అంటారు. అంతే. కటకటాలు లేవు, బేడీలు లేవు. మనిషి తన ఇంట్లో, తన మంచం మీద, తన ఫోనుకి తానే ఖైదీ. భయం పట్టుకున్న మనిషి బుర్ర తన దగ్గర ఉండదు. ఒక పూటకో, రెండు రోజులకో, బ్యాంకునుంచి ఫోనుకి వచ్చే రహస్యపు అంకెలు కూడా తానే చదివి వినిపిస్తాడు. దాంతో ఖాతా ఖాళీ.

దీనికి కావలసింది నమ్మించే గొంతు. అది రేడియో బాబాయి దగ్గర ఉంది.

ఆయన ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్నవాడు. బస్సు మూడు గంటలు ఆలస్యమని ఆయన చెబితే ప్రయాణికులు సంతోషంగా కూర్చునేవారట. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం పెట్టుకుని ఉండేవాడు, గొంతు కోసం. ఆయన కూడా ప్రకటన చూసి మోసపోయి వచ్చినవాడే. మేస్త్రీ ఆ గొంతు విని, ఆయన చేత నాలుగు రోజులు రకరకాల మాటలు చదివించి, గొంతునీ ముఖాన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. అప్పట్నించీ ఇరవై మందీ ఆ ముసుగు వేసుకునే మాట్లాడేవారు. ఇక్కడ కళ్లజోడు తన సన్నటి గొంతుతో మాట్లాడితే, అవతలివాళ్లకి పోలీసు యూనిఫారంలో ఉన్న రేడియో బాబాయి ముఖం, ఆయన బరువైన గొంతూ చేరతాయి. హెడ్‌ఫోన్లో ఆమెకీ అదే వినిపిస్తుంది, అర సెకను ఆలస్యంగా.

"నా నోరు ఇరవై మందికి అద్దెకిచ్చాను తల్లీ. నాకు మాత్రం ఒక్క నోరే కదా అన్నం పెట్టాల్సింది" అని నవ్వేవాడు ఆమెతో. ఆయనది ఏడో కుర్చీ, ఆమె పక్కనే.

ఆ ఘట్టం జరిగిన రోజుకి పది రోజుల ముందు, బాబాయి తన ఫోన్లో ఉన్నావిడతో గొంతు తగ్గించి మూడు మాటలు చెప్పడం ఆమె చెవిన పడింది.

"ఫోన్ పెట్టెయ్యమ్మా. ఫోన్లో ఎవరూ ఎవర్నీ అరెస్టు చెయ్యరు. వేరే ఫోన్‌నుంచి నీవాళ్లకి చెప్పు."

ప్రతి బల్ల కిందా ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది. పక్కవాడు తప్పుచేస్తే నొక్కాలి. నొక్కకపోతే ఇద్దరికీ శిక్ష. అంతకు రెండు రోజుల ముందే తమ్ముడి ఎడమచేతి వేళ్లు రెండు విరగ్గొట్టారు. కళ్లజోడు ఏమీ ఆలోచించలేదు. వేలు దానంతటదే వెళ్లింది.

నొక్కింది.

మేస్త్రీ వచ్చి బాబాయి మెడకి ఆయన హెడ్‌ఫోన్ వైరే చుట్టాడు. తల పట్టుకుని బల్ల అంచుకేసి కొట్టాడు. కౌంటరు దగ్గర పనిచేసినవాళ్లకి లెక్కపెట్టడం అలవాటు. ఆమె లెక్కపెట్టింది. మూడో దెబ్బకి పళ్లు రాలాయి. ఆరో దెబ్బకి ముక్కు చితికిపోయింది. అప్పటికీ ఆ గొంతు ఆగలేదు, ఫోన్లో ఉన్నావిడకి చెబుతూనే ఉంది... "పెట్టెయ్యమ్మా..." పదకొండో దెబ్బ ఎడమ కనుబొమ్మ మీద పడింది. పుచ్చకాయ పగిలినట్టు చప్పుడు.

పడిపోయేముందు ఆయన తల ఒక్కసారి ఇటు తిరిగింది. ఎర్ర బొత్తాం వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

మనిషిని దుప్పట్లో చుట్టి తీసుకుపోయారు. గొంతుని మాత్రం ఉంచుకున్నారు.

*

ఆరోజు పొద్దున పదింటికి కళ్లజోడు హెడ్‌ఫోన్ పనిచెయ్యలేదు. మేస్త్రీ ఏడో బల్ల మీదిది తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఇది వద్దు సార్..."

"ఏం, నగలా నచ్చడానికి? పెట్టుకో."

చెవి దగ్గర ఉండే స్పాంజి కడిగారు గానీ సరిగ్గా కడగలేదు. అంచుల్లో గోధుమరంగు ఎండి గట్టిపడి ఉంది. చెవికి ఆనించగానే లవంగం వాసన వచ్చింది.

"విను" అన్నాడు మేస్త్రీ వంగి. "నీ పెద్దావిడ నిన్నట్నించీ అరెస్టులో ఉంది. నాలుగింటిలోపు అంకెలు చదివించావా, నువ్వూ నీ తమ్ముడూ గేటు బయట ఉంటారు. చదివించలేదా..." కేబులు ముక్కతో తన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే తట్టి చూపించాడు. "వాడికింకా ఎనిమిదున్నాయి."

గేటు బయట. ఆ రెండు మాటలూ ఆమె గుండెల్లో కొట్టుకున్నాయి. తమ్ముడు, గేటు, బయట. ఇంకేమీ వద్దు ఆమెకి. ఆ పెద్దావిడ ఏమైపోయినా సరే అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా అలాగే అనుకుంది.

తెరమీద పెద్దావిడ గది కనిపిస్తోంది. పుస్తకాల బీరువా, గోడ గడియారం, మంచం మీద మడతపెట్టిన ఉన్ని శాలువా. నెరిసిన జుట్టు, చేతిలో పెన్సిలు. ఆవిడ ముందు ఒక నోటుపుస్తకం.

"నాయనా, నాకొక సందేహం" అంది పెద్దావిడ. "నన్ను అరెస్టు చేశారు, బాగానే ఉంది. మరి వంట కూడా నేనే చేసుకోవాలా? జైల్లో మీరే పెడతారు కదా?"

కళ్లజోడుకి నవ్వొచ్చినంత పనైంది. పళ్లు బిగించి కాగితంలో ఉన్నది చదివింది. "మేడమ్, ఇది నవ్వులాట కాదు. కెమెరా ముందునుంచి కదలకండి."

అర సెకను తర్వాత అవే మాటలు చెవిలో బాబాయి గొంతుతో వినిపించాయి. కానీ చివర్న ఇంకేదో ఉంది. ఆమె అనలేదు దాన్ని.

ఒక నిట్టూర్పు.

మిషన్లో ఏదో తేడా అనుకుంది. పెద్దావిడ చేత వివరాలు ఒక్కొక్కటే చెప్పించింది. బ్యాంకు పేరు, పుట్టినతేదీ. ఆవిడ ప్రతిదీ నోటుపుస్తకంలో కూడా రాసుకుంటోంది, తేదీ వేసి, గీత గీసి. మూడున్నరైంది. ఇంక అంకెలే మిగిలాయి.

"మేడమ్, ఇప్పుడు మీ ఫోనుకి ఆరంకెలు వస్తాయి. చదవండి."

"చదువుతాను గానీ, నీకు వంట్లో బాగాలేదా నాయనా? మెడ చుట్టూ ఆ నల్లటి చార ఏమిటి?"

కళ్లజోడు తెర మూలకి చూసింది. అవతలివాళ్లకి కనిపించే ముసుగు అక్కడ చిన్న డబ్బాలో ఉంటుంది. యూనిఫారం. టోపీ. బాబాయి ముఖం. మెడ చుట్టూ వైరు మందాన ఒక గుర్తు.

పొద్దున అది లేదు.

"ఏమీ లేదు మేడమ్..." అంది. ముసుగు నోరు తెరిచింది. పై వరస పళ్లు లేవు. ఆ ఖాళీలోంచి చిక్కటిదేదో కారి, గడ్డం మీదుగా యూనిఫారం మీద పడింది.

"అయ్యో, నాయనా! రక్తం..."

కళ్లజోడు నోరు మూసుకుంది. రెండు చేతులతో మూసుకుంది. తను మాట్లాడకపోతే ఆ ముఖం కూడా మాట్లాడదు. మిషన్ అలాగే పనిచేస్తుంది. మాటకి మాట. మౌనానికి మౌనం...

ముఖం మాట్లాడింది.

"ఫోన్ పెట్టెయ్యమ్మా."

లవంగం వాసన. దాని వెనక పచ్చి రక్తం వాసన. చెవి దగ్గర స్పాంజి తడిగా తగిలింది. వెచ్చగా.

"ఫోన్లో ఎవరూ ఎవర్నీ అరెస్టు చెయ్యరు."

ముసుగు ముక్కు దానంతటదే లోపలికి కుంగిపోయింది, మట్టిలో వేలు దిగినట్టు.

"వేరే ఫోన్‌నుంచి నీవాళ్లకి చెప్పు."

పెద్దావిడ చేతిలో పెన్సిలు ఆగింది. కళ్లు చిన్నవి చేసి, తప్పు లెక్క పట్టుకున్న మనిషిలా తెరలోకి చూసింది. "ఎవరు నాయనా నువ్వు?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు పక్క వరసలో ఎవరో కెవ్వుమన్నారు.

కళ్లజోడు తలెత్తింది. హాల్లో ఎవ్వరూ మాట్లాడటం లేదు. అందరూ నోళ్లు మూసుకుని బిగుసుకుపోయి ఉన్నారు. కానీ ప్రతి తెరమీదా బాబాయి ముఖం మాట్లాడుతోంది. ఇరవై తెరలు, ఇరవై ముఖాలు, ఒకే గొంతు, ఒకే మాట. పెట్టెయ్యమ్మా. పెట్టెయ్యయ్యా. పెట్టెయ్యి నాన్నా. అవతల ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి కట్టవుతున్నాయి. టక్... టక్... టక్...

ఒక్క పెద్దావిడ మాత్రం పెట్టలేదు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. రెండో చేత్తో, ఒళ్లోంచి ఇంకో పాత ఫోన్ తీసింది.

*

ఇనప తలుపు భళ్లున తెరుచుకుంది. మేస్త్రీ లోపలికొచ్చి తాళం వేశాడు. వాడి గుప్పిట్లో ఈసారి పొడుగాటి కేబులు. కేబులు రెండో కొస తమ్ముడి కుడి మణికట్టుకి ముడేసి ఉంది.

"ఎవడ్రా గొంతు మార్చింది?"

మేస్త్రీ దగ్గర్లో ఉన్నవాణ్ణి బూటు కాలితో తన్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. రెండోవాణ్ణి జుట్టు పట్టి కీబోర్డుకేసి మోదాడు. తెల్లటి మీటలు రెండు ఊడి, వాడి బుగ్గకి అంటుకుపోయాయి.

"అక్కా..." అన్నాడు తమ్ముడు.

"సార్, వాణ్ణి వదిలెయ్యండి. ఆవిడింకా లైన్లోనే ఉంది. నేను చదివిస్తాను" అంది కళ్లజోడు. గొంతు తనదేనా అనిపించింది.

మేస్త్రీ కేబుల్ని ఎడమ గుప్పిటకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. తమ్ముడు బల్ల పక్కన మోకాళ్లమీద పడ్డాడు. "నువ్వు చదివించింది చాలు. లే."

ఆమె తలమీంచి హెడ్‌ఫోన్ లాగి తన తలకి పెట్టుకున్నాడు.

ఒక పాఠం ఉంది. ఆ హాల్లో మొదటిరోజే చెప్పేవారు: అవతలివాడి గొంతు మన చెవిలోకి వెళ్లాలి గానీ మన తలలోకి వెళ్లకూడదు. ఆ పాఠం రాసింది మేస్త్రీయే. కానీ వాడు ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. ఆ ముసుగు వేసుకుని ఒక్కసారీ మాట్లాడలేదు. ఇదే మొదటిసారి.

"హలో మేడమ్" అన్నాడు. "మీరు చట్టాన్ని..."

ఆగిపోయాడు.

తల పక్కకి వంచి విన్నాడు. ముఖంలో కోపం పోయి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్న చూపొచ్చింది. చేత్తో హెడ్‌ఫోన్ తియ్యబోయాడు. రాలేదు. రెండోసారి లాగాడు. దాని వైరు బల్ల మీంచి లేచి, పాములా కాదు, పాము కంటే నెమ్మదిగా, మెడ చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

మేస్త్రీ నోరు తెరిచాడు. అందులోంచి వచ్చింది వాడి గొంతు కాదు. మిషన్ లేదు, ముసుగు లేదు. మనిషి నోట్లోంచి నేరుగా వచ్చింది రేడియో బాబాయి గొంతు. బస్సు ఆలస్యం గురించి చెప్పినంత మర్యాదగా.

"రాసుకో తల్లీ. మూతపడ్డ కాగితం మిల్లు. దాని వెనక మూడంతస్తుల మేడ, గేటు నీలం రంగు. రెండో అంతస్తులో ఇరవై మంది. మూడో అంతస్తులో పదిహేను మంది." ఊరి పేరు చెప్పాడు. వీధి పేరు చెప్పాడు. తెరమీద పెద్దావిడ పెన్సిలు చకచకా కదులుతోంది. రెండో ఫోన్ చెవికి ఆనించి, "మనవరాలా, నేను చెప్పేది చెప్పినట్టు పోలీసులకి చెప్పు" అంటోంది.

మేస్త్రీ కళ్లు మాత్రం వాడివే. అవి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

అప్పుడు వాడి తల బల్లకేసి మోదుకుంది.

ఒకటి.

ఎవరూ పట్టుకోలేదు వాణ్ణి. చుట్టుపక్కల ఎవరూ లేరు. తల దానంతటదే లేచింది. మళ్లీ పడింది. రెండు. మూడు. పళ్లు బల్ల మీద గింజల్లా దొర్లాయి.

తెర మూలన బాబాయి ముఖంలో పళ్లు కనిపించాయి. పైవరస నిండుగా, తెల్లగా.

నాలుగు. ఐదు. కేబులు వాడి గుప్పిట్లోనే ఉంది. తల లేచి పడ్డప్పుడల్లా చెయ్యి వెనక్కి లాగుతోంది, దాంతోపాటు తమ్ముడు బల్ల అంచు దగ్గరికి జరుగుతున్నాడు. ముడి విప్పబోతే మణికట్టులోకి ఇంకా దిగింది. చర్మం తెగింది.

ఆరు. మేస్త్రీ ముక్కు పోయింది. తెరలో బాబాయి ముక్కు తిన్నగా నిలబడింది.

ఇక్కడ దెబ్బ పడుతుంటే అక్కడ గాయం మానుతోంది.

ఏడు... ఎనిమిది... వెచ్చటి తుంపర ఆమె అద్దాల మీద పడింది. అంతా ఎర్రగా కనిపించింది. తమ్ముడి తల ఇప్పుడు సరిగ్గా బల్ల అంచు పక్కన, మేస్త్రీ తల పడే చోటు పక్కన ఉంది. జానెడు దూరం.

తొమ్మిది.

తమ్ముడి జుట్టు గాలికి ఎగిరింది.

"బాబాయ్! వాడు నా తమ్ముడు! బాబాయ్!"

తెరలో ముఖం మెల్లగా ఇటు తిరిగింది. దాదాపు బాగైపోయింది. మెడమీద చార లేదు. రక్తం లేదు. ఎడమ కనుబొమ్మ మీది చీలిక ఒక్కటే మిగిలింది. ముందు ఎర్ర బొత్తాం వైపు చూసింది. తర్వాత ఆమె వైపు చూసింది.

పది.

బల్ల అంచు తమ్ముడి చెవిని గీసుకుపోయింది. వాడు అరిచాడు. మేస్త్రీ తల మళ్లీ లేస్తోంది...

కళ్లజోడు రెండు చేతులతో హెడ్‌ఫోన్ వైరు పట్టుకుని కంప్యూటర్లోంచి పీకేసింది.

నిశ్శబ్దం.

ఇరవై తెరలూ నల్లబడ్డాయి. మేస్త్రీ కుర్చీలోంచి సంచిలాగా జారిపోయాడు. వాడి ముఖం ఉండాల్సిన చోట చూడటానికి ఏమీ మిగల్లేదు. గుప్పిట వదులైంది. ఆమె ముడి విప్పి, తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

మేస్త్రీ నడుమునుంచి తాళంచెవులు తీసింది పన్నెండో కుర్చీ అబ్బాయి. తీశాడు గానీ తలుపు తెరవలేదు. బయట కాపలావాళ్లు అప్పటికే తలుపు బాదుతున్నారు. ఇరవై మందీ బల్లలు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టి కూర్చున్నారు. ముప్పావుగంట తర్వాత కింద జీపుల చప్పుడు వినిపించింది. కాపలావాళ్ల అడుగులు మెట్లమీద పరిగెత్తి దూరమయ్యాయి. అంతసేపూ కళ్లజోడు పీకిన వైరు చేతిలోనే పట్టుకుని ఉంది. మనసులో ఒకే లెక్క తిరుగుతోంది.

మేస్త్రీకి పడ్డవి పది. బాబాయికి పడ్డవి పదకొండు.

*

ఆ మాట ఎవరికీ చెప్పలేదు ఆమె. మేస్త్రీ మూర్ఛ వచ్చి తల కొట్టుకుని చనిపోయాడని కాగితాల్లో రాశారు. ఇరవై మంది సంతకాలు పెట్టారు. పెద్దావిడ నోటుపుస్తకం సాక్ష్యంగా తీసుకున్నారట. తన పుస్తకం తిరిగి ఎప్పుడిస్తారని ఆవిడ స్టేషనుకి మూడుసార్లు ఫోన్ చేసిందట. ప్రతిసారీ ముందు వాళ్ల నంబరు డైరెక్టరీలో సరిచూసుకుని మరీ.

అక్కా తమ్ముళ్లు ఇప్పుడు తమ ఊళ్లో ఉన్నారు. ఆమె పాత దుకాణంలోనే, అదే గాజు కౌంటరు వెనక నిలబడుతోంది. వాళ్లిద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. గొంతుని నమ్మరు. ఎవరు ఫోన్ చేసినా, చేసింది తోబుట్టువే అయినా, ఇద్దరికే తెలిసిన ప్రశ్న అడిగాకే మాట్లాడతారు. గొంతు ఎంత తేలిగ్గా ఒకరినుంచి ఇంకొకరికి పోతుందో వాళ్లకంటే ఎక్కువగా ఎవరికి తెలుసు?

మొన్న మధ్యాహ్నం నాలుగింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. దుకాణంలో గిరాకీ లేదు. నాలుగు గోడలకీ అద్దాలు, అన్నిట్లోనూ ఆమె.

"నా మొదటి కళ్లజోడు రంగేమిటి?"

"ఆకుపచ్చ. ఎడమవైపు పుల్ల నేనే విరిచాను. పిల్లిమీద తోశాను" అన్నాడు వాడు నవ్వుతూ. వాడే. సందేహం లేదు. "అక్కా, వచ్చేటప్పుడు చేతికి కట్టు గుడ్డ తెస్తావా?"

"తెస్తాను."

వాడి నవ్వు ఆగిపోయింది.

"అక్కా... పక్కనెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఏం?"

"ఎవరో మెల్లగా లెక్కపెడుతున్నారు. నీకు వినిపించట్లేదా?"

కళ్లజోడు కౌంటరు అంచు పట్టుకుంది. "ఎంతవరకు పెడుతున్నారు?" అంది.

"పది" అన్నాడు తమ్ముడు. "పది దాకా వచ్చి ఆగిపోతున్నాడు. మళ్లీ మొదట్నించి... అక్కా? వింటున్నావా?"

ఫోన్ పెట్టెయ్యాలనుకుంది. వేళ్లు కదల్లేదు. ఎడమ కనుబొమ్మ మీద ఎవరో వేలితో చోటు చూసుకుంటున్నట్టు చల్లగా తగిలింది.

తల వంచింది. ఇందాకే తుడిచిన గాజు కౌంటరు మీద, సరిగ్గా ఆమె నుదురు ఆనే చోట, నమిలిన లవంగం ఒకటి ఉంది.

ఇంకా తడిగానే ఉంది.